నాటికల్ స్టార్ టాటూ వేయించుకోవాలనుకుంటే ముందు మొనలు లెక్కపెట్టండి

పోయిన నెల్లో ఒక సాయంత్రం షాపు కట్టేసే టైంకి ఒక కుర్రాడు వచ్చాడు, నెల్లూరు దగ్గర వాళ్ళది, ఇక్కడ చెన్నై ఈసీఆర్ రోడ్డులో మెరైన్ కాలేజీలో చదువు అయిపోయి ఫస్ట్ షిప్ కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఫోన్లో అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే విని "అక్కా మీరు తెలుగా" అన్నాడు, వడపళనిలో తెలుగు వచ్చిన టాటూ ఆర్టిస్టు దొరుకుతుందని అనుకోలేదంట పాపం. ఫోన్ తీసి ఫోటో చూపించి "నాటికల్ స్టార్ అక్కా, ఓడలో పనిచేసేవాళ్ళ గుర్తు, రెండు భుజాల మీద కావాలి" అన్నాడు. ఫోటో పెద్దది చేసి మొనలు లెక్కపెట్టా. ఎనిమిది ఉన్నాయి. "నాన్నా ఇది ఓడవాళ్ళది కాదు, రష్యా జైళ్ళలో పెద్ద దొంగలు వేయించుకునేది" అని చెప్పేసరికి పిల్లాడి మొహం చిన్నబోయింది.

ఆ రోజు వేయలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించి గంటసేపు మాట్లాడా. అప్పుడు వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ స్టార్ అడిగేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు, బాగుంటుంది అనే తప్ప అదేంటో ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి అడిగేవాళ్ళు తక్కువ, ఒంటి మీద జన్మంతా ఉండేదాని గురించి ఆమాత్రం తెలుసుకోవాలి కదా.

ముందు ఇది ఏ స్టారో గుర్తుపట్టడం

నాటికల్ స్టార్ అంటే ఐదు మొనలు. ప్రతి మొన మధ్యలోంచి ఒక గీత నడిమధ్యకి పోతుంది, ఆ గీతకి ఒక పక్క ముదురు రంగు, ఇంకో పక్క లేత రంగు లేదా ఒట్టి చర్మం. అంటే మొత్తం పది ముక్కలు, ఒకటి నలుపు ఒకటి తెలుపు అలా చుట్టూ తిరుగుతాయి. ఆ సగం సగం రంగు వల్లే కాయితం మీద గీసినా ఒక పక్క నుంచి ఎండ పడుతున్న రాయిలాగా ఎత్తుగా కనిపిస్తుంది.

ఈ సగం నలుపు సగం తెలుపు అనేది పాత సముద్రపు మ్యాపుల మీద ఉండే దిక్కుల చక్రం నుంచి వచ్చింది, కంపాస్ రోజ్ అంటారు దాన్ని. మనకి దొరికిన మ్యాపుల్లో ఆ చక్రం మొదటిసారి కనిపించేది 1375 నాటి కాటలాన్ అట్లాస్‌లో, స్పెయిన్ పక్కన మయోర్కా దీవిలో తయారైంది అది. తర్వాత తర్వాత ఆ చక్రానికి 32 మొనలు పెట్టారు, ఒక్కోటి 11.25 డిగ్రీలు. ఆ కాలం మ్యాపుల్లో దిక్కుల గీతలకి రంగులు కూడా ఒక లెక్క ప్రకారం ఉండేవి, ఎనిమిది పెద్ద గాలులకి (దిక్కుల్ని అప్పుడు గాలుల పేర్లతో పిలిచేవాళ్ళు) నలుపు, వాటి మధ్యవాటికి ఆకుపచ్చ, ఇంకా చిన్నవాటికి ఎరుపు, ఊగే ఓడలో దీపం వెలుగులో చూసినా ఏ గీత ఏదో తేడా తెలుస్తుంది. టాటూ వేసేవాళ్ళు పాత స్టైల్లో ఈ స్టార్‌కి నలుపు, ఎరుపు, ఆకుపచ్చ వాడటం చూసినప్పుడల్లా నాకు ఆ మ్యాపులే గుర్తొస్తాయి.

అసలు ఏ నక్షత్రం అది

ధ్రువ నక్షత్రం. మనకి కొత్తేం కాదు, సవతి తల్లి మాటకి ఏడ్చి అడవికి పోయి తపస్సు చేసి కదలని చోటు సంపాదించుకున్న పిల్లాడు ధ్రువుడు, పెళ్ళిలో పంతులుగారు అరుంధతితో పాటు చూపించేది కూడా ఆయన్నే. మిగతా నక్షత్రాలన్నీ రాత్రంతా తిరుగుతుంటే ఇది మాత్రం ఉత్తరాన దాదాపు ఒకేచోట ఉంటుంది, నిజానికి అసలు ధ్రువానికి ఒక డిగ్రీ కన్నా తక్కువ దూరంలో ఉంది, కంటికి ఆ తేడా తెలీదు. ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైంది ఇదే అనుకుంటారు చాలామంది, కాదు, మామూలు వెలుగే, దీని గొప్పంతా కదలకపోవడంలోనే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్తా, నాకు ఈ టాటూలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. మీరు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉంటే ధ్రువ నక్షత్రం మీకు నేలా ఆకాశం కలిసే గీత నుంచి దాదాపు అన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. చెన్నైలో 13 డిగ్రీలు. నెల్లూరులో 14 దాటి, విశాఖపట్నంలో 17 దాటి. అంటే ప్రతి ఊరికి దాని సొంత ఎత్తు ఉంది. మన హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు నావికులు దీన్ని కొలవడానికి కమాల్ అని ఒక పరికరం వాడేవాళ్ళు, పరికరం అంటే పెద్దదేం కాదు, అరచేయంత చెక్కపలక, మధ్యలో చిల్లు, ఆ చిల్లులోంచి ఒక దారం, దారానికి ముడులు. ముడిని పళ్ళతో కరిచిపట్టుకుని పలకని దారం బిగిసేదాకా ముందుకి చాచి, కింది అంచుని నీళ్ళూ ఆకాశం కలిసే గీతకి ఆనించి, పై అంచు ధ్రువ నక్షత్రానికి తగిలిందా లేదా చూసేవాళ్ళు. ఒక్కో ముడి ఒక్కో రేవుకి. ఇంటికి రావాలంటే ఇంటి ముడిని పళ్ళ మధ్య పెట్టుకుని నక్షత్రం సరిగ్గా పై అంచుకి తగిలేదాకా ఉత్తరానికో దక్షిణానికో పోయి, అక్కడ్నుంచి తూర్పుకో పడమరకో తిప్పి అదే ఎత్తు పట్టుకుని సాగితే సొంత రేవు తగులుతుంది. ఈ మాట చెప్పేసరికి ఆ కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మాకు సెక్స్టంట్‌తో నక్షత్రాల ఎత్తు కొలవడం నేర్పించారక్కా, కానీ ఇలా ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

కాబట్టి ఈ స్టార్ అర్థం అదృష్టం, ధైర్యం అని ఏవేవో రాసినవి చదివి అక్కడే ఆగిపోకండి. అసలు అర్థం తిరిగి ఇంటికి చేరే దారి తెలిసుండటం. మిగతావన్నీ దానిమీద పేరుకున్నవే.

ఒకసారి కళ్ళారా చూడండి వేయించుకునే ముందు. చెన్నై ఊళ్ళోంచి కష్టం, ఉత్తరం వైపు 13 డిగ్రీల ఎత్తు అంటే చెయ్యి చాచి పిడికిలి పెడితే ఒక పిడికిలి మీద రెండు వేళ్ళు, అంత కిందుగా ఉండేదాన్ని వీధిలైట్లూ ఎన్నూరు వైపు వెలుగూ మింగేస్తాయి. పులికాట్ దాకా పోయి ఉత్తరం చూడండి, అక్కడ బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి 9 ఆ ప్రాంతంలో సప్తర్షులు ఉత్తరాన పైకొచ్చి ఉంటారు, గరిటె ఆకారంలో కాడ లేని వైపు చివర ఉండే రెండు నక్షత్రాలు, క్రతువు పులహుడు, పులహుడి నుంచి క్రతువు వైపు గీత గీసి ఆ రెంటి మధ్య దూరానికి ఐదింతలు ముందుకి పొడిగిస్తే అక్కడ ఒంటరిగా ఒకటి ఉంటుంది, అదే. నవంబర్ సాయంత్రాలు సప్తర్షులు కిందికి దిగిపోయి ఉంటారు, అప్పుడు వంకర టింకరగా ఎం అక్షరంలా ఉండే శర్మిష్ఠ అనే నక్షత్రాల గుంపుని పట్టుకుని వెతుక్కోవాలి.

ఒంటి మీదికి ఎలా వచ్చింది

పచ్చబొట్టు మనకి తరతరాలుగా ఉంది, మా అమ్మమ్మకి మోచేయి కింద తేలు, చుక్కలు ఉండేవి, ఊరికొచ్చిన ఎరుకల ఆవిడ పొడిచిందంట, అరవంలో పచ్చ కుత్తడం అంటారు, కన్నడంలో హచ్చె. కానీ టాటూ అన్న మాట ఇంగ్లీషువాళ్ళకి పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది, కెప్టెన్ కుక్ ఓడ 1769లో తహితికి పోయినప్పుడు అక్కడివాళ్ళు తతౌ అనేదాన్ని వీళ్ళు రాసుకున్నారు. అంతకుముందు యూరప్‌లో పచ్చబొట్లు లేవని కాదు, ఉన్నాయి, కానీ ఆ ప్రయాణాల తర్వాత ఓడవాళ్ళలో బాగా పాకింది. అమెరికాలో అయితే 1796 నుంచి నావికులకి ఒక రక్షణ పత్రం ఇచ్చేవాళ్ళు, బ్రిటిష్ నేవీ వాళ్ళు నడి సముద్రంలో ఓడ ఆపి మీరు మావాళ్ళే అని బలవంతంగా పట్టుకుపోకుండా, ఆ పత్రంలో మనిషి ఎత్తు, రంగు, మచ్చలతో పాటు ఒంటి మీద టాటూలు కూడా రాసేవాళ్ళు. అంటే ఒంటి మీది బొమ్మ సోకు మాత్రమే కాదు, మనిషి గుర్తింపు కూడా.

1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ కరెంటు టాటూ మెషిన్‌కి పేటెంట్ తీసుకున్నాడు, ఎడిసన్ కరెంటు పెన్ను చూసి దాన్నే మార్చాడు. దాంతో పని స్పీడైంది, ఓడ రేవుల పక్కన షాపులు పెరిగాయి, గోడకి అంటించిన రెడీ డిజైన్లు, మేం ఫ్లాష్ అంటాం వాటిని, వేలు పెట్టి చూపిస్తే వేసేసేవాళ్ళు. వాటిల్లో అన్నిటికన్నా పేరున్నవి సెయిలర్ జెర్రీవి, అసలు పేరు నార్మన్ కాలిన్స్, 1911 నుంచి 1973 దాకా బతికాడు, హవాయిలోని హోనొలులులో హోటల్ స్ట్రీట్ ప్రాంతంలో షాపు. లావు నల్ల గీత, తక్కువ రంగులు, దూరం నుంచి చూసినా ఏంటో తెలిసిపోవాలి, ఈ పాత స్టైల్ అంతా అలాంటి వాళ్ళు కట్టిన భాష. నేను నేర్చుకున్నప్పుడు మొదట ప్రాక్టీస్ చేసింది కూడా ఆ రకం బొమ్మల మీదే, అందుకే కొంచెం పక్షపాతం ఉంది నాకు.

ఆ భాషలో ఒక్కో బొమ్మకి ఒక్కో మాట. స్వాలో పిట్ట వేస్తే 5,000 నాటికల్ మైళ్ళు తిరిగాడని, లంగరు వేస్తే అట్లాంటిక్ దాటాడని, తెరచాపలన్నీ ఎత్తిన ఓడ అయితే దక్షిణ అమెరికా చివరున్న కేప్ హార్న్ చుట్టి వచ్చాడని, తాబేలు ఉంటే భూమధ్యరేఖ దాటాడని. పాదాల మీద ఒకదానిమీద పంది ఒకదానిమీద కోడి, మునిగిపోకుండా. వీటిల్లో చాలావరకు సంపాదించుకోవాల్సినవి, పోకుండా వేయించుకుంటే ఓడవాళ్ళకి నచ్చదు. నాటికల్ స్టార్ అలా కాదు, అది చేసొచ్చిన పనికి మెడల్ కాదు, బయల్దేరేవాడు పెట్టుకునే మొక్కు లాంటిది. అందుకే ఓడ ఎక్కని వాళ్ళు వేయించుకున్నా తప్పు లేదని నా అభిప్రాయం. ఊరొదిలి చెన్నై వచ్చి ఇరవై ఏళ్ళైనవాళ్ళకి కూడా ఇంటి దారి గుర్తు పెట్టుకునే హక్కు ఉంది.

వేరేవాళ్ళు దీన్ని ఎలా చదువుతారు

ఇది తెలుసుకోకుండా వేయించుకోకండి. ఎనిమిది మొనల స్టార్ భుజాల కింద, కాలర్ ఎముక దగ్గర ఉంటే రష్యా జైలు లోకంలో పెద్ద స్థాయి దొంగ అని, అదే మోకాళ్ళ మీద ఉంటే ఎవరి ముందూ మోకరిల్లను అని. అక్కడ అర్హత లేనివాడు వేయించుకుంటే తోటి ఖైదీలే శిక్షించేవాళ్ళు. మా కుర్రాడు రేపు ఓడలో రష్యావాళ్ళతో కలిసి పనిచేయొచ్చు, ఎక్కడెక్కడి రేవుల్లోనో దిగాలి, అలాంటోడికి ఆ బొమ్మ భుజం మీద ఎందుకు.

ఇంకో కథ, అమెరికాలో బఫలో అనే ఊళ్ళో 1950ల్లో ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు కొందరు మణికట్టు మీద చిన్న నీలం స్టార్ పొడిపించుకునేవాళ్ళు, వాచీ కింద దాక్కునే చోట. బయటికి చెప్పుకోలేని కాలంలో ఒకరినొకరు గుర్తుపట్టే గుర్తు. ఆ స్టార్ కథ తర్వాత నాటికల్ స్టార్‌తో కలిసిపోయింది, ఇప్పటికీ మణికట్టు మీద స్టార్ ఆ గౌరవంతో వేయించుకునేవాళ్ళు ఉన్నారు, నా దగ్గరే ఒక అమ్మాయి వేయించుకుంది, ఆ చరిత్ర నాకు మొదట చెప్పింది కూడా ఆ అమ్మాయే. తర్వాత 1990ల్లో పంక్ మ్యూజిక్ వాళ్ళు మోచేతుల మీద, ఛాతీ మీద తెగ వేయించుకున్నారు, మామూలు జనానికి ఫ్యాషన్‌గా వచ్చింది ఆ తర్వాతే.

మన దగ్గర సంగతి వేరే. ఆరు మొనలు వేస్తే తమిళనాడులో అది మురుగన్ షట్కోణం, దానికి పూజ వేరు, దాన్ని పాదం మీదో నడుం కిందో వేయమంటే నేను వేయను. మొత్తం ఎరుపు నింపేసిన ఐదు మొనల స్టార్ అయితే మన తెలుగువాళ్ళలో ఎవరు చూసినా ఎర్రజెండానే అనుకుంటారు. మధ్య గీతలూ సగం నీడా ఉంటేనే అది నాటికల్ స్టార్.

గీయడం

ఆర్టిస్టు గీస్తాడు కదా మనకెందుకు అనుకోకండి, ఒకసారి కాయితం మీద మీరే గీస్తే తప్పు స్టెన్సిల్, అంటే చర్మం మీద ముందు అంటించే గీతల అచ్చు, వచ్చినప్పుడు మీ కంటికే తెలిసిపోతుంది. వృత్తలేఖినితో 4 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీయండి. నడినెత్తిన ఒక చుక్క, అక్కణ్ణుంచి కోణమానినితో ప్రతి 72 డిగ్రీలకి ఒక చుక్క, ఐదు వస్తాయి. ఒక చుక్క వదిలి ఒక చుక్కని స్కేలుతో కలుపుకుంటూ పోతే చిన్నప్పుడు చెయ్యెత్తకుండా గీసిన స్టారే వస్తుంది. లోపల ఏర్పడిన పంచకోణం గీతలు చెరిపేయండి. ఇప్పుడు నడుమ నుంచి ఐదు మొనలకి, ఐదు లోపలి మూలలకి గీతలు. పది త్రిభుజాలు. లోపలి మూలలు నడుమ నుంచి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ దూరంలో రావాలి, అంతకన్నా బయటికి ఉంటే స్టార్ పూరీలా ఉబ్బుతుంది, లోపలికి పోతే ముళ్ళలా సన్నబడి ఇంక్ పాకినప్పుడు మొనలన్నీ మొద్దుబారతాయి.

నలుపు నింపడంలోనే అందరూ తప్పు చేసేది. స్టార్ నడిమధ్యలో మీరు నిలబడి ఒక్కో మొన వైపు తిరిగి చూస్తున్నట్టు అనుకోండి, ప్రతిసారీ మీ కుడిచేతి వైపు నలుపు. పై మొనకి కుడి పక్క వస్తుంది సరే, కానీ కింది రెండు మొనల వైపు తిరిగి నిలబడితే మీ కుడి అంటే కాయితం చూసేవాళ్ళకి ఎడమ. అక్కడ పొరపాటున కాయితం కుడి పక్క నింపేస్తే రెండు నలుపులు పక్కపక్కన పడి, రెండు తెలుపులు ఇంకోచోట కలిసి ఆ ఎత్తు భ్రమ మొత్తం కూలిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నా ఎడమ చేతి మీద ఉన్న మొదటి టాటూ అలాంటిదే. కాలేజీ రోజుల్లో ఒకచోట వేయించుకున్నా, స్టెన్సిల్ మీద ఎక్కడ నలుపో గుర్తు పెట్టలేదు, ఆ వేసే అతను లైన్లు అయ్యాక చెయ్యి తుడుస్తూ మాట్లాడుతూ కింది కుడి మొన దగ్గర తప్పు పక్క నింపేశాడు. నేను ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే ఏదో తేడాగా ఉంది, ఏంటో తెలీలేదు, రెండు రోజులు చూసి చూసి అప్పుడు కనిపెట్టా, ఆ రాత్రి ఏడ్చా. నల్ల ఇంక్‌ని తెల్లగా చేయలేం. తర్వాత నేను పని నేర్చుకున్నాక చుట్టూ ముదురు నేపథ్యం వేసి ఆ మొన కలిసిపోయేట్టు చేయించుకున్నా కానీ నా కంటికి ఇప్పటికీ ముందు అదే మొన కనిపిస్తుంది. అందుకే నా షాపులో స్టెన్సిల్ మీద నలుపు రావాల్సిన ఐదు ముక్కల్లోనూ పెన్నుతో చిన్న ఇంటూ పెట్టి, కస్టమర్ చేతే లెక్కపెట్టించి, తర్వాతే మెషిన్ ఆన్ చేస్తా. మీరు ఎక్కడికి వెళ్ళినా అలా పెట్టమని అడగండి, అడిగితే చిరాకుపడే చోట వేయించుకోకండి.

జతగా రెండు వేయించుకునేవాళ్ళు ఉంటారు, అప్పుడు ఒకదానికి కుడి నలుపు అయితే ఇంకోదానికి ఎడమ నలుపు పెట్టండి, అద్దంలో ప్రతిబింబంలా కుదురుగా ఉంటుంది. రంగు కావాలంటే నేనిచ్చే సలహా, ఎడమ వైపు దాంట్లో ఎరుపు, కుడి వైపు దాంట్లో ఆకుపచ్చ. ఓడకి రాత్రి ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం ఉంటాయి, తెలిసినవాళ్ళు చూడగానే నవ్వుతారు. కాకపోతే ఎరుపు ఇంక్‌కి దురద, ఎలర్జీ మిగతా రంగులకన్నా ఎక్కువగా వస్తాయి, చర్మం సున్నితంగా ఉండేవాళ్ళు నలుపుతో ఆగిపోవడం మేలు.

ఎక్కడ, ఎంత సైజు

మూడు సెంటీమీటర్ల కన్నా చిన్నది అడిగితే నేను ఒప్పుకోను, ఏళ్ళు గడిచేకొద్దీ గీత లావవుతుంది, నడుమ పది గీతలు కలిసే చోట చిన్న స్టార్ అయితే నల్ల ముద్దే మిగుల్తుంది. మోచేతి ఎముక మీద బొమ్మ అందంగా కూర్చుంటుంది కానీ అక్కడ చర్మం ముడతలు, ఇంక్ నిలవదు, నొప్పి కూడా గట్టిగా ఉంటుంది, టచప్‌కి రెండుసార్లు రావాలని ముందే అనుకుని వేయించుకోండి. ముంజేతి మీద అయితే స్టెన్సిల్ పెట్టేటప్పుడు చెయ్యి టేబుల్ మీద తిప్పి పెట్టి అంటించకూడదు, నిలబడి చెయ్యి వదులుగా కిందికి వేలాడేసి అప్పుడు అంటించాలి, లేకపోతే చెయ్యి మామూలుగా ఉన్నప్పుడు స్టార్ మెలితిరిగి ఒక మొన పొడుగ్గా కనిపిస్తుంది. ఒంటి మొన పైకి ఉండాలి, అది ఉత్తరం. తలకిందులు స్టార్‌ని జనం వేరే రకంగా చదువుతారు.

ఆర్మీ, నేవీ సెలక్షన్లకి ప్రిపేర్ అయ్యే పిల్లలు మాత్రం జాగ్రత్త. మోచేయి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి పక్క, అరచేతి వెనక వైపు, ఈ రెండు చోట్లే శాశ్వత టాటూ ఒప్పుకుంటారు, ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉండే గిరిజనులకి మినహాయింపు ఉంది. భుజం మీద ఒక్క స్టార్ వల్ల మెడికల్స్‌లో బయటికి వచ్చేయాల్సి వస్తుంది. నోటిఫికేషన్ చదవండి, ఉద్యోగం వచ్చాక వేయించుకోండి, స్టార్ ఎక్కడికీ పోదు. 18 నిండకపోతే నేనసలు వేయను.

వేయించుకునే రోజు, ఆ తర్వాత

కడుపునిండా తిని వెళ్ళండి. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి, ఇంక్ చిన్న కప్పుల్లో మీకోసం విడిగా పోయాలి, మిగిలింది పారేయాలి, గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే మళ్ళీ మార్చాలి. మళ్ళీ వాడే స్టీల్ సామాను ఆటోక్లేవ్‌లో పెట్టిందేనా అని అడగండి, 121 డిగ్రీల ఆవిరిలో ఉడకాలి అది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి ఇవన్నీ రక్తంతో పాకేవి, తిరునాళ్ళలో ఒకే సూదితో వరసగా పొడిచే దగ్గర కూర్చోకండి. టాటూ తర్వాత ఏడాది దాకా రక్తదానం చేయకూడదు, కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉండి మీరు రక్తం ఇవ్వాల్సి ఉంటే ముందు అది ఇచ్చి రండి.

ముందు లైన్లు, తర్వాత నలుపు. లైన్ ఒక్కసారిలో నడుమ నుంచి మొన వైపు లాగితే మొన సన్నగా దిగుతుంది, మొన నుంచి నడిమధ్యకి లాగితే మొదలుపెట్టిన చోట చుక్క లావుగా పడుతుంది, ఇది నా పద్ధతి, వేరేవాళ్ళు వేరేగా చేస్తారు.

చెన్నైలో మే నెల అగ్ని నక్షత్రం అనే మండే ఎండల రోజుల్లో వేయించుకోవద్దని బతిమాలి చెప్తా, చెమటకి కట్టు కింద నాని నాని పొక్కు సరిగ్గా కట్టదు. డిసెంబర్, జనవరి హాయి. రోజుకి రెండుసార్లు వాసన లేని సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టి, చెప్పిన ఆయింట్‌మెంట్ పల్చగా. పసుపు రాయకండి, అమ్మ ఎంత చెప్పినా సరే, పచ్చి పుండు అది. పొట్టు ఊడేటప్పుడు గోకితే ఆ ముక్క తెల్లగా మిగులుతుంది, నలుపు దట్టంగా ఉన్న చోట ఇంకా బాగా తెలుస్తుంది. మూడు వారాలు సముద్రంలో, స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దు, బీచ్‌కి వెళ్తే ఒడ్డునే కూర్చోండి. ఎర్రగా వాచి వేడిగా ఉండి జ్వరం వస్తే నాకు ఫోటో పంపడం కాదు, డాక్టర్ దగ్గరికి పోండి. మానాక ఎండలో తిరిగేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకుంటే నలుపు ఏళ్ళతరబడి నలుపుగానే ఉంటుంది.

ఆ కుర్రాడు పదిరోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. మధ్యలో ఊరికి పోయి వాళ్ళ నాన్నతో కలిసి రాత్రి రేవు దగ్గర నిలబడి వెతికాడంట, మబ్బు పట్టి మొదటి రోజు కనపడలేదు, రెండో రోజు కనపడింది. భుజాలు వదిలేసి కుడి ముంజేతి లోపలి పక్క ఒక్కటే వేయించుకున్నాడు, ఐదు మొనలు, నాలుగు సెంటీమీటర్లు, నలుపే. పక్కన దారంలా సన్న గీత, దానికి ఒక్క ముడి, 14 అంకె వేయనా అంటే వద్దక్కా ముడి చాలు అన్నాడు. స్టెన్సిల్ మీద ఇంటూలు వాడే పెట్టాడు. కింది ఎడమ మొన చివర కొంచెం పల్చగా మానింది, టచప్ చేయాలి, కాంట్రాక్టు అయ్యి చెన్నై దిగాక వస్తానన్నాడు, స్టెన్సిల్ డ్రాయర్లో దాచి పెట్టా.